సుజీకి, ఒరాకిల్ తీసేసే ముందు

ఒంగోలు

అమ్మా సుజీ,

నెల్లూరులో మీ రొయ్యల కంపెనీ లెక్కలు దాచే డేటాబేస్‌ని ఒరాకిల్ నుంచి ఉచితంగా దొరికే పోస్ట్‌గ్రెస్‌కి మారుస్తోందని, ఆ పని నీకే అప్పజెప్పారని మీ అమ్మ చెప్పింది. మన ఇంటి పిల్లని నమ్మి అంత పని ఇచ్చారంటే ఎంత సంతోషమో! రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మీ ఓనరు లెక్క తప్పని అనను. ఒరాకిల్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌కి సర్వర్ ప్రాసెసర్‌లోని కోర్ల లెక్కన లైసెన్సు, ఆపైన ఏటా సపోర్టుకి దాని ధరలో 22 శాతం. పోస్ట్‌గ్రెస్ 1986లో బర్క్‌లీలో పురుడు పోసుకున్నది, దాని సత్తా మీద నాకు అనుమానం లేదు. మరి తెలిసి తెలిసి అంత డబ్బు ఎందుకు పోస్తారంటావా? అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఒప్పంద పత్రంలో రాసి ఉంటుందని. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ అమ్మినవాడు ఫలానా డేటాబేస్ మీదైతేనే మాది పూచీ అంటాడని.

చీమకుర్తిలో ఒక గ్రానైట్ కంపెనీ ఉండేది. అక్కడొక కుర్రాడు లెక్కలన్నీ ఉచిత డేటాబేస్‌లోకి ఎక్కించాడు. పని చక్కగా చేశాడు, అబద్ధం ఎందుకు చెప్పాలి. తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. బ్యాకప్ స్క్రిప్టు రోజూ నడుస్తూనే ఉంది, కానీ డిస్కు నిండిపోయి నెలల తరబడి ఖాళీ ఫైళ్ళే రాసింది. తెరిచి చూసినవాడు లేడు. సర్వర్ పోయాక నన్ను పిలిచారు. చూస్తే సున్నా బైట్లు! యార్డు మనుషులు ఎండలో ఒక్కో బ్లాకూ మళ్ళీ కొలిచారు. ఆ కుర్రాడు రాత్రి బస్సుకి వచ్చి, అందరి ముందూ తిట్లు తిని, ఒంటరిగా తెల్లవార్లూ కూర్చున్నాడు. ఆ తర్వాత ఓనరు లక్షలు పోసి లైసెన్సు కొన్నాడు. ఖాళీ బ్యాకప్‌ని ఏ కంపెనీవాడూ నింపలేడయ్యా అని చెప్పినా చెవికెక్కలేదు. 2017లో ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ అంతటి సంస్థకే బ్యాకప్‌లు అక్కరకు రాక, ఆరు గంటల డేటా పోయింది.

నువ్వు ఆ కుర్రాడిలా కూర్చోకూడదే తల్లీ, నా భయమంతా అదే. మిగిలిన డబ్బులో కొంత పోస్ట్‌గ్రెస్ సపోర్టు అమ్మే సంస్థకి కట్టమని ఓనరుని అడుగు, మొహమాటపడకు. నీ పని తెలిసిన ఇంకో మనిషిని ఇప్పించుకో. బ్యాకప్‌ని నెలకోసారి వేరే మెషీన్‌లో రిస్టోర్ చేసి, బిల్లులు తెరిచి చూడు. ఒరాకిల్‌కి ఖాళీ స్ట్రింగూ (అక్షరాలేవీ లేని గడి), NULLూ (విలువే తెలియని గడి) ఒకటే, పోస్ట్‌గ్రెస్‌కి కాదు, డేటాని అడిగే క్వెరీలు జాగ్రత్త. రొయ్యల పట్టుబడి సీజన్‌లో మాత్రం చస్తే మార్చొద్దు!

తేదీ ఖాయం కాగానే చెప్పు, ఆ రాత్రికి నేను వస్తా. లోపలికి రానివ్వకపోతే గేటు దగ్గర వాచ్‌మన్‌తో కూర్చుంటాలే.

మీ మామయ్య