ఉమ్మడి జిల్లా జట్టును అంచనా వేసే ముందు: ఒక యువ క్రీడా రచయితకు లేఖ

నల్లగొండ

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

రాష్ట్రస్థాయి పాఠశాల క్రీడలకు వెళ్ళబోతున్న మన ఉమ్మడి నల్లగొండ జిల్లా అండర్-17 బాలికల బాస్కెట్‌బాల్ జట్టుపై నీవు రాసి పంపిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. మన దగ్గర ఈ ఆట గురించి ఫలితం వచ్చిన తరువాత రెండు వాక్యాలు రాసేవారే గాని, పోటీలకు ముందే మైదానానికి వెళ్ళి, జట్టును గమనించి, దాని బలాబలాలను పాఠకులకు చెప్పేవారు చాలా అరుదు. ఆ పనికి నీవు పూనుకున్నందుకు నాకు నిజంగా సంతోషం కలిగింది. అందుచేతనే మెచ్చుకోలు మాటలతో సరిపెట్టకుండా, నీ వ్యాసంలో నిలిచేది ఏది, నిలవనిది ఏది అన్నది వివరంగా రాస్తున్నాను.

మొదటి పేరాను తీసివెయ్యి. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ వ్యాయామశాల గ్యాలరీకి పీచ్ పండ్ల బుట్టలు కొట్టించి ఈ ఆటను ఆరంభించాడన్నది నిజమే గాని, నీ పాఠకుడికి ఇప్పుడు కావలసింది అది కాదు. ఈ జట్టు ఎలా ఏర్పడిందో అతడికి తెలియదు. అక్కడి నుంచి మొదలుపెట్టు. 2016లో జిల్లాల పునర్విభజన జరిగి నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరువేరు జిల్లాలైనా, పాఠశాల క్రీడలలో మన పిల్లలు ఉమ్మడి జిల్లా పేరిటే ఆడుతున్నారు. అంటే ఇది ఒక్క బడి జట్టు కాదు. ఎంపిక పోటీలలో వేరువేరు బడుల నుంచి తీసుకున్న 12 మంది, కొద్దిరోజుల శిక్షణ శిబిరంలో కలిసి సాధన చేసి, ఒకే రంగు జెర్సీ వేసుకొని వెళ్తారు. వీరిలో గురుకులం హాస్టల్‌లో ఉండి పొద్దున, సాయంత్రం ఒకే మైదానంలో ఆడిన అమ్మాయిలు ఉంటారు; దేవరకొండ వైపో, మిర్యాలగూడ వైపో వెళ్ళే చివరి బస్సు కోసం సాధన మధ్యలోనే బయలుదేరవలసి వచ్చిన అమ్మాయిలూ ఉంటారు. నీవు వారిని ఒక్కొక్కరిగా వర్ణించుకుంటూ పోయావు. కాని ఇలాంటి జట్టు విషయంలో మొదట చూడవలసింది, ఒక బడి నుంచి వచ్చిన అమ్మాయి ఇంకో బడి నుంచి వచ్చిన అమ్మాయికి పాస్ ఇస్తున్నదా, లేక ఇరుకున పడినప్పుడల్లా తన పాత స్నేహితురాలినే వెతుక్కుంటున్నదా అన్నది. సాధన జరిగేటప్పుడు ఒక సాయంత్రమంతా అదొక్కటే చూడు. రక్షణలో ఒకరిని దాటుకొని ప్రత్యర్థి లోపలికి వచ్చినప్పుడు పక్కనున్న అమ్మాయి నోరు తెరిచి హెచ్చరిస్తున్నదా, ఆమె కదిలి వచ్చాక ఖాళీ అయిన చోటును ఇంకొకరు నింపుతున్నారా అన్నదీ గమనించు. పిల్లలు పేర్లు పెట్టి పిలుచుకుంటున్న జట్టుకూ, మౌనంగా ఆడే జట్టుకూ ఎంతో తేడా ఉంటుంది.

ఇక అభ్యాస మ్యాచ్‌లో మన జట్టు పాతిక పాయింట్ల తేడాతో గెలిచిందని నీవు రాసిన భాగానికి వస్తాను. నీ వ్యాసమంతా ఆ తేడాపైనే నిలబడి ఉంది కనుక, ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో నీవు విప్పి చూడాలి. ప్రత్యర్థి గార్డులు, అంటే బంతిని ముందుకు తెచ్చేవారు, డ్రిబుల్ (బంతిని నేలకు కొడుతూ నడిపించడం) సరిగ్గా రాని పిల్లలైతే, మన అమ్మాయిలు మైదానం మధ్యలోనే బంతిని లాక్కొని, ఎదురుగా ఎవరూ లేకుండా పరుగెత్తి లేఅప్ (బుట్ట దగ్గరికి వెళ్ళి ఎగిరి వేసే సులభమైన షాట్) వేస్తారు. పాయింట్లు చకచకా పెరుగుతాయి, చూసేవారికి ఆట అద్భుతంగా ఉన్నట్లే కనిపిస్తుంది. అయితే బంతిని భద్రంగా తేగలిగిన గార్డులు ఎదురైన రోజున ఆ పాయింట్లన్నీ మాయమవుతాయి. ఎదుటి జట్టు అయిదుగురూ వెనక్కి వచ్చి, స్థిరపడి, కాచుకొని ఉన్నప్పుడు మన జట్టు ఎన్ని పాయింట్లు చేసింది? నాకు ఆ లెక్క కావాలి. ఆ మ్యాచ్‌లో ప్రతి బుట్టనూ రెండు రకాలుగా విడదీసి రాసి ఉంటే, పరుగులో వచ్చినవి ఎన్ని, నిలిచిన రక్షణ మీద వచ్చినవి ఎన్ని అని నీకే తెలిసేది. గెలుపు తేడాకంటే ఆ రెండో అంకె ఎక్కువ నిజం చెబుతుంది.

నా అనుభవంలో ఈ వయసు ఆటను తేల్చేది గురి కాదు, బంతిని పోగొట్టుకోకపోవడం. అమెరికా గణాంక నిపుణుడు డీన్ ఆలివర్ ఒక జట్టు గెలుపును నాలుగు అంశాలుగా విడదీశాడు: షాట్లు పడే తీరుకు 40 శాతం, బంతిని చేజార్చుకోకపోవడానికి 25, రీబౌండ్లకు (పడని షాట్ తరువాత బంతిని అందుకోవడానికి) 20, ఫ్రీ త్రోలకు (ఎదుటివారి ఫౌల్‌కు బదులుగా, ఎవరూ అడ్డుకోకుండా గీత దగ్గర నుంచి వేసే షాట్లకు) 15 శాతం ప్రాధాన్యం ఇచ్చాడు. ఆ లెక్క వృత్తి ఆటగాళ్ళను చూసి కట్టినది. బడిపిల్లల ఆటకు వచ్చేసరికి నేను రెండో అంశాన్నే ముందు పెడతాను. ఎందుకో చూడు. ఒక జట్టుకు మ్యాచ్‌లో 60 సార్లు బంతి చేతికి వచ్చిందనుకో. అందులో 24 సార్లు షాట్ వేయకముందే బంతి పోతే మిగిలే షాట్లు 36. మూడింట ఒకటి పడితే 12 బుట్టలు, 24 పాయింట్లు. అదే జట్టు బంతిని 12 సార్లే పోగొట్టుకుంటే 48 షాట్లు వస్తాయి. గురి ఏమాత్రం మెరుగుపడకపోయినా 16 బుట్టలు, 32 పాయింట్లు అవుతాయి. పైగా పోగొట్టుకున్న ప్రతి బంతీ అవతలి వైపు సులభమైన లేఅప్ అవుతుంది కనుక అసలు తేడా ఆ 8 పాయింట్లకంటే ఎక్కువే ఉంటుంది.

రాష్ట్రస్థాయిలో మన పిల్లలకు ఎదురయ్యేది ప్రెస్, అంటే మనం బంతిని ముందుకు తేకుండా మైదానం పొడవునా మీదపడి అడ్డుకునే రక్షణ. హైదరాబాద్, రంగారెడ్డి జట్లలో సికింద్రాబాద్, నారాయణగూడ వైఎంసీఏలలో, చాదర్‌ఘాట్ విక్టరీ ప్లేగ్రౌండ్‌లో ఆడి పెరిగిన పిల్లలు ఉండే అవకాశం ఎక్కువ. వారు మన బుట్ట కిందనే మనల్ని పట్టుకుంటారు. బంతిని 8 సెకన్లలో సగం మైదానం దాటించకపోతే అది వారికి పోతుంది. కాబట్టి నీ వ్యాసంలో అందరికంటే ముందు రావలసిన అమ్మాయి ఆ ఒత్తిడిలో బంతిని దాటించే అమ్మాయి. ఆమె ఎడమచేత్తో డ్రిబుల్ చేయగలదా, తల ఎత్తి చూస్తున్నదా, ఇద్దరు చుట్టుముట్టినప్పుడు బంతిని పట్టేసుకొని ఆగిపోతున్నదా, లేక వారు చేరకముందే పాస్ ఇస్తున్నదా? ఆమెకు తోడుగా మధ్యలోకి వచ్చి బంతి అందుకునే రెండో అమ్మాయి ఎవరు? మొదటి అమ్మాయి బెంచీ మీద కూర్చున్న నాలుగు నిమిషాలు ఆ పని ఎవరు చేస్తారు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాస్తే నీ వ్యాసంలో సగం పని పూర్తయినట్లే. నీ ప్రతిలో ఆ అమ్మాయి ప్రస్తావన ఒకే ఒక్క వాక్యంలో ఉంది.

పొడుగైన అమ్మాయి గురించి మాత్రం రెండు పేరాలు రాశావు. ఎత్తు కంటికి ముందు కనిపిస్తుంది కనుక అందరూ అక్కడే ఆగుతారు. రింగు 3.05 మీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి ఎత్తుకు విలువ ఉన్నదన్న మాటను నేను కాదనను. అయినా ఆమెకు బంతి అందేదెలా అన్నది ముందు చూడు. ప్రత్యర్థిని వీపుతో ఆపి, చేయి చాచి, పాస్‌కు చోటు చూపించడం ఆమెకు వచ్చునా? ఆ చోటికి బంతి వేయగలవారు మన జట్టులో ఉన్నారా? రక్షణలో ఆమె చేతులు పైకెత్తి నిలబడుతున్నదా, లేక షాట్ వేసేవారి చేతి మీద కొడుతున్నదా? అయిదు ఫౌళ్ళు అయితే ఆమె ఆట ముగుస్తుంది. మొదటి సగంలోనే మూడు ఫౌళ్ళు పడితే కోచ్ ఆమెను బయట కూర్చోబెట్టక తప్పదు. అప్పుడు రీబౌండ్లు ఎవరు తెస్తారో చెప్పని అంచనా అసంపూర్ణం.

మైదానం సంగతి నీవు అసలు ప్రస్తావించలేదు. మన పిల్లలు ఎక్కువగా ఆరుబయట సిమెంటు మీద, కొన్నిచోట్ల మట్టి నేల మీద ఆడతారు. గాలి ఉన్న సాయంత్రం దూరం నుంచి వేసిన బంతిని నమ్మడానికి లేదు. అందువల్ల లోపలికి చొచ్చుకొనిపోయి వేయడం వారికి అలవాటవుతుంది. ఆ ధైర్యం మంచి గుణమే. కాని రెండు మూడు రోజుల్లో నేర్చుకోగలిగిన రక్షణ కనుక పాఠశాల జట్లు తరచూ జోన్ వేస్తాయి, అంటే ఒక్కొక్కరు ఒక్కో ప్రత్యర్థిని కాకుండా ఒక్కో చోటును కాస్తారు. బుట్ట చుట్టూ గుమిగూడిన జోన్‌ను విప్పాలంటే బయటినుంచి ఒకరిద్దరు బంతి వేయగలగాలి. మూడు పాయింట్ల గీత 6.75 మీటర్ల దూరంలో ఉంటుంది; ఈ వయసు అమ్మాయిలలో అక్కడి నుంచి నిలకడగా వేసేవారు కొద్దిమందే. గీతకు లోపల, ఫ్రీ త్రో గీత మూలల నుంచి ఆగి వేయగలవారు మనకు ఎందరున్నారో లెక్కపెట్టు. ఇంకొక చిన్న విషయం: బాలికల ఆట 6వ సైజు బంతితో జరుగుతుంది, మన బడులలో చాలాచోట్ల ఉండేది అబ్బాయిల 7వ సైజు బంతి. శిబిరంలో ఏ బంతితో సాధన చేస్తున్నారో అడిగి తెలుసుకో. జిల్లా మ్యాచులు చాలావరకు షాట్ క్లాక్ (బంతి చేతికి వచ్చాక షాట్ వేయవలసిన గడువును చూపే గడియారం) లేకుండానే నడుస్తాయి. 24 సెకన్ల గడియారం పెట్టి ఆడిస్తే మన జట్టు తొందరపడుతుందా, నిలదొక్కుకుంటుందా అన్నది కూడా కోచ్‌ను అడుగు.

ఫ్రీ త్రోలను సాధన మొదట్లో చూడవద్దు. అందరూ అలసిపోయి, చెమటతో జారుతున్న చేతులతో వేసేటప్పుడు చూడు. ఆఖరి క్వార్టర్‌లో వేసేది ఆ చేతులే. ఒక క్వార్టర్‌లో జట్టు ఫౌళ్ళు నాలుగు దాటితే ఆపైన రక్షణలో చేసే ప్రతి ఫౌల్‌కూ ఎదుటివారికి రెండేసి ఫ్రీ త్రోలు వస్తాయి కనుక, దగ్గరి మ్యాచులు ఆ గీత దగ్గరే మలుపు తిరుగుతాయి. అలాగే రాష్ట్రపోటీలలో లీగ్ మ్యాచులు, నాకౌట్ మ్యాచులు కొద్దిరోజుల్లోనే ముగిస్తారు. ఒకే రోజు రెండు మ్యాచులు పడవచ్చు. పన్నెండుమందిలో ఎనిమిదిమందిని ధైర్యంగా దించగల జట్టుకు, అయిదుగురితోనే నెట్టుకొచ్చే జట్టుకు చివరి రోజున పోలిక ఉండదు.

ఇవన్నీ స్కోర్‌షీట్‌లో దొరకవు. అందులో ఎవరు ఎన్ని పాయింట్లు చేశారు, ఎవరికి ఎన్ని ఫౌళ్ళు పడ్డాయి అన్నది ఉంటుంది. పడని షాట్లు, పోయిన బంతులు, రీబౌండ్లు ఉండవు. నీ నోటుబుక్కులో వాటికి గళ్ళు నీవే గీసుకోవాలి. మొదట్లో అన్నీ రాయబోతే ఆట చూడటమే పోతుంది కనుక, ఒక మ్యాచ్‌లో పోయిన బంతులు, ఇంకో మ్యాచ్‌లో రీబౌండ్లు రాసుకో. పీఈటీ మేడంతో మాట్లాడేటప్పుడు "జట్టు ఎలా ఉంది" అని అడిగితే "బాగా ఉంది" అన్న జవాబే వస్తుంది. "ప్రెస్ పడినప్పుడు బంతి ఎవరి చేతికి ఇమ్మంటున్నారు?" అని అడుగు. ఆమె ఆలోచించి చెప్పే ఆ జవాబు నుంచి నీకు వ్యాసం దొరుకుతుంది.

ఒక్క విషయంలో మాత్రం నా మాట గట్టిగా పట్టించుకో. వీరు పదహారేళ్ళ పిల్లలు. ఫలానా అమ్మాయి "బరువైన శరీరం వల్ల నెమ్మదిగా కదులుతుంది" అని రాశావు, అది కొట్టెయ్యి. రక్షణలో కుడివైపుకు ఆలస్యంగా కదులుతున్నదని రాస్తే ఆమె దిద్దుకోగలదు, కోచ్‌కూ పనికివస్తుంది. శరీరం మీద రాసిన మాట ఆమె తరగతి గదిలో ఏళ్ళ తరబడి తిరుగుతుంది. ఆమె చేసిన పని మీద ఎంత నిక్కచ్చిగానైనా రాయవచ్చు, ఆమె మీద రాయకూడదు. అదేవిధంగా ఇంకో అమ్మాయి తండ్రి కూలిపని, ఇంటి పరిస్థితి ఈ వ్యాసంలో ఎందుకు? ఆమె ఎందుకు మంచి గార్డో చెప్పడానికి ఆ వివరం ఏ విధంగానూ ఉపయోగపడటం లేదు. ఆమె చేతిలో ఉన్న విద్య చాలు, దాని గురించే వివరంగా రాయి. బలహీనత చెప్పవలసినప్పుడు జట్టు పేరిట చెప్పు, మెచ్చుకోవలసినప్పుడు అమ్మాయి పేరు పెట్టు. పిల్లల ఆట గురించి రాసినంతకాలం నేను పాటించిన పద్ధతి ఇదే.

చివరి వాక్యం "ఈసారి కప్పు మనదే" అని ముగించావు. మన జిల్లా మీద నీకున్న ప్రేమ నాకూ ఉంది, అయినా ఆ వాక్యానికి ఆధారం లేదు. నీవు చూసినదాని బలం మీద చెప్పగలిగింది షరతుతో చెప్పు: "ప్రెస్‌ను దాటించే రెండో గార్డు కుదిరితే ఈ జట్టు సెమీఫైనల్‌కు చేరగలదు, కుదరకపోతే లీగ్ దశలోనే కష్టపడుతుంది" అన్నావనుకో, పాఠకుడు మ్యాచ్ ఫలితం చూసేటప్పుడు ఆ రెండో గార్డు కోసం వెతుకుతాడు. నీ అంచనా తప్పినా ఎక్కడ తప్పిందో అతడికీ నీకూ తెలుస్తుంది.

శిబిరం ముగియడానికి ఇంకా కొన్ని సాయంత్రాలు ఉన్నాయి. అభ్యాస మ్యాచ్ కోసం ఎదురుచూడకుండా, అయిదుగురి మీద ఏడుగురిని నిలబెట్టి ప్రెస్ సాధన చేయించే రోజు ఏదో మేడంను అడిగి ఆ రోజున వెళ్ళు. జిల్లా పేజీలో నీకు దొరికే చోటు తక్కువ కాబట్టి పొడుగైన అమ్మాయి మీది రెండు పేరాలను మూడు వాక్యాలకు కుదించి, మిగిలిన చోటంతా గార్డులకు ఇవ్వు. జట్టు బస్సు ఎక్కడానికి ముందు రోజుకల్లా కొత్త ప్రతి నాకు చేరితే, ఆ రాత్రే చదివి పంపుతాను.

నీ శ్రేయోభిలాషి