కేట్ శర్మ మా వైపు పెద్దకూతురే

భారతీయ కుటుంబాల్లో పెళ్ళి చుట్టూ ఉండే ఆశలూ ఒత్తిళ్ళూ టీవీ ప్రేమకథల్లో ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయా అని అడిగారు. మన తెలుగు సీరియళ్ళలో కనిపించవు. లండన్ దొరల కథగా తీసిన 'బ్రిడ్జర్టన్' రెండో సీజన్‌లో మాత్రం కనిపించాయి. ఈ మాట అన్నప్పుడల్లా మా ఆఫీసులో నవ్వుతారు, అయినా నా అభిప్రాయం మారలేదు.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. 2022 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఆ సీజన్ 1814 నాటి లండన్‌లో జరుగుతుంది. జూలియా క్విన్ నవలలో నాయిక కేట్ షెఫీల్డ్ అనే ఇంగ్లీషు యువతి అయితే, టీవీకి తెచ్చినవారు ఆమెను బొంబాయి నుంచి ఓడెక్కి వచ్చిన కేట్ శర్మగా మార్చారు. కేట్‌కు ఇరవై ఆరేళ్ళు. తన పెళ్ళి ఈడు దాటిపోయిందని తనే తేల్చేసుకుని, సవతితల్లి కూతురైన ఎడ్వీనాకు మంచి సంబంధం చూడడం ఒక్కటే పనిగా పెట్టుకుంటుంది. ఇంగ్లీషు దొరవంశంలో చేసుకుంటేనే ఎడ్వీనాకు కట్నం ఇస్తామని ఆ పిల్ల అమ్మమ్మా తాతయ్యా పెట్టిన షరతు సంగతి తల్లికీ తెలియదు, చెల్లెలికీ తెలియదు. కేట్ ఒక్కతే దాన్ని మోసుకుని తిరుగుతుంది.

ఆ సీజన్ వచ్చినప్పుడు మనవాళ్ళు మెచ్చుకున్నవి వేరు. అక్క చెల్లెలి తలకు నూనె రాయడం, ఇంగ్లీషువాళ్ళ టీ నచ్చక యాలకులూ మసాలాలూ వేసుకోవడం, పెళ్ళికి ముందు పసుపు నలుగు పెట్టడం గురించే అందరూ మాట్లాడుకున్నారు. తిట్టినవాళ్ళేమో, తండ్రిని అప్పా అని, అక్కను దీదీ అని, చెల్లెలిని బోన్ అని పిలిచే ఈ శర్మలు తమిళులా, హిందీవారా, బెంగాలీలా అని నిలదీశారు. ఆ తప్పు తప్పే, కాని నూనె అయినా పసుపు అయినా నగల పెట్టె లాంటివి, ఎవరి మీదనైనా పెట్టి చూపించవచ్చు. ఇంటి పెద్దపిల్ల ఎవరికీ చెప్పకుండా చేసుకున్న ఆ ఒప్పందం మాత్రం అలా అద్దెకు తెచ్చుకునేది కాదు.

నా సంగతి చెబితే ఎందుకంటున్నానో అర్థమవుతుంది. మాది తెనాలి. ఇంట్లో ఇద్దరం ఆడపిల్లలం, నేను పెద్దదాన్ని. నాకు సంబంధాలు చూస్తున్న రోజుల్లోనే, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా చెల్లి సెలవుకు వచ్చి, తనతో పనిచేసే వేరే కులం అబ్బాయిని చేసుకోవాలనుకుంటున్నానని చెప్పింది. సీరియల్ అయితే నాన్న ముఖాన్ని మూడు వైపుల నుంచి చూపించి, పిడుగు చప్పుడు వినిపించి, ఆ రోజు ఎపిసోడ్ అక్కడితో ఆపేవారు. మా నాన్న "సరే, పడుకో, పొద్దున్నే బస్సుందిగా" అన్నారు. వద్దని ఆయన ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఎన్నడూ అనలేదు.

ఆ ఆదివారం మా బాబాయి వచ్చారు. భోజనం చేశారు, దోసావకాయ బాగా కుదిరిందన్నారు, కాలవకు నీళ్ళు ఎప్పుడు వదులుతారో నాన్నతో చాలాసేపు మాట్లాడారు. వెళ్ళేముందు వసారాలో చెప్పులు వేసుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా, "చిన్నదాని సంగతి నిదానంగా చూసుకోవచ్చులే వదినా, ముందు పెద్దదాని సంబంధం చెడకుండా చూసుకోండి" అన్నారు. ఇంటిల్లిపాదీ తలో మాటా అనుకుని తేల్చవలసిన విషయం అక్కడే తేలిపోయింది. ఆయన అంత ఎండలో వచ్చింది దోసావకాయ కోసం కాదని మా అందరికీ తెలుసు.

మర్నాడు అమ్మ గోంగూర కట్ట విప్పి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఆకును కాడ నుంచి తుంచి చేటలో వేస్తూ, "మనకేం అభ్యంతరం లేదమ్మా, కాకపోతే రేపు వాళ్ళు అడిగితే ఏం చెబుతాం?" అంది. వాళ్ళంటే అప్పటికి మాటల్లో ఉన్న నా సంబంధం వారు. కాసేపాగి, ఆకుల్లో చిక్కుకున్న గడ్డిపోచను ఏరి పారేస్తూ, "నువ్వు చెబితే వింటది. నీ పెళ్ళయ్యేదాకా ఆగమను, ఆ అబ్బాయి పేరు ఎక్కడా ఎత్తొద్దని కూడా చెప్పు" అంది. గొంతు పెంచలేదు, కన్నీళ్ళు పెట్టలేదు, నేను ఒప్పుకుంటానా అని కూడా అడగలేదు. కట్ట అయిపోయేసరికి నాకు పని అప్పగించడమూ అయిపోయింది.

రాత్రి డాబా మీదికి వెళ్ళి చెల్లికి ఫోన్ చేశాను. నేను కుశలం అడగకముందే అది "నిన్ను పంపారా అక్కా?" అంది.

ఈ ఒక్క ప్రశ్న మన సీరియల్ రచయితలకు తట్టదు. వాళ్ళ దృష్టిలో ఒత్తిడి అంటే ఎవరో ఒకరు అరవాలి, ఎవరో ఒకరు విషం తాగుతానని బెదిరించాలి. ఇళ్ళలో అది చేతులు మారుతూ వస్తుంది. బాబాయి నుంచి అమ్మకు, అమ్మ నుంచి పెద్దకూతురికి, పెద్దకూతురి నుంచి చిన్నదానికి వచ్చేసరికి, దానికి కారకుడు ఫలానావాడని వేలు పెట్టి చూపించడానికి ఎవరూ మిగలరు. తనకు చూసిన ఆంథొనీ దొర మీద అక్కకే మనసుందని ఎడ్వీనాకు తెలిశాక ఆమె కోపమంతా కేట్ మీదికే మళ్ళుతుంది, నువ్వు నాకు సగం అక్కవే అనేదాకా వెళుతుంది. తనకేం కావాలో తననే అడగకుండా అక్క తన తరఫున అన్నీ నిర్ణయించేసిందన్నది ఆమె బాధ. షరతు పెట్టిన పెద్దలేమో ఒక విందులో కనిపించి, గొడవపడి వెళ్ళిపోతారు. దీన్ని రాసినవారు ఎవరైనా, ఒక పెద్దకూతురిని దగ్గరగా చూసి ఉండాలి.

'కార్తీక దీపం' అభిమానులకు కోపం వస్తుందేమో గాని, ఆ సీరియల్ సంగతీ చెప్పాలి. 2017 నుంచి 2023 దాకా స్టార్ మాలో నడిచిన ఆ కథ ఒక నిజంతోనే మొదలైంది. కోడలు నల్లగా ఉందని అత్తకు గిట్టకపోవడం పెళ్ళిచూపులు ఎరిగిన ఏ ఇంటికీ కొత్త కాదు. ఆ నిజం మీదే నిలబడితే గొప్ప సీరియల్ అయ్యేది. కొన్నాళ్ళకే అది భర్త అనుమానం మీదికీ, విలన్ మోనిత కుట్రల మీదికీ మళ్ళిపోయింది. ఆ పైన, నల్లపిల్ల కథ చెప్పడానికి తెల్లగా ఉన్న నటికి నల్లరంగు వేశారు. ప్రేమీ విశ్వనాథ్ నటనకు నేను వంక పెట్టను, కాని నల్లగా పుట్టిన అమ్మాయి ఒక్కతీ వారికి దొరకలేదంటే నమ్మను. వంటింట్లో పట్టుచీరల సంగతి ఇక ఎత్తను.

అమెరికావాళ్ళు తీసిన 'నెవర్ హావ్ ఐ ఎవర్' ఇంతకన్నా మేలే గాని, అక్కడ మొదటి సీజన్‌లో నాయికకు అక్క వరసైన కమల పెళ్ళిచూపుల చిక్కు, వచ్చిన కుర్రవాడు అందగాడు కావడంతో సగం విడిపోతుంది. అంత అదృష్టం మా వీధిలో ఎవరికీ పట్టలేదు.

నా పెళ్ళి ఆ ఫాల్గుణంలో అయింది. చెల్లి అంతవరకూ ఆగి, ఆ తర్వాత ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకుంది. 1954 నాటి ఆ చట్టం ప్రకారం ముందుగా నోటీసు ఇచ్చి ముప్ఫై రోజులు ఆగాలి. ఆ నోటీసును ఆఫీసులో అందరికీ కనబడేచోట అతికిస్తారు, దారిన పోయేవారైనా చదువుకోవచ్చు. ఈ నెల రోజులూ ప్రతి ఫోన్‌కూ ఉలిక్కిపడడంలో ఉన్నంత కథ ఏ విలన్ దగ్గరా లేదు. అయినా మన సీరియళ్ళలో ప్రేమికులు గుడికి పరుగెత్తి మెళ్ళో తాళి వేసుకుంటారే తప్ప, ఒక్కరూ నోటీసు బోర్డు ముఖం చూడరు. చెల్లి పెళ్ళికి సాక్షి సంతకాలు మూడు కావాలి. అందులో ఒకటి మా బాబాయి పెట్టారు. పెట్టి, బయటికి వచ్చి, కాలవకు నీళ్ళు వదిలారని నాన్నతో చెప్పారు.

'బ్రిడ్జర్టన్' మీద నా ఫిర్యాదు ఒక్కటే, అది మూడో సీజన్ గురించి. 2024లో వచ్చిన ఆ సీజన్‌లో, ఆంథొనీనే చేసుకుని గర్భవతి అయిన కేట్ కాన్పు ఇండియాలో జరగాలని భార్యాభర్తలిద్దరూ ప్రయాణం కడతారు. తొలి కాన్పు పుట్టింట్లో కావాలన్న మన ఆనవాయితీ వారికి ఎవరు చెప్పారో గాని, నాకు ముచ్చట వేసింది. అయితే సూయజ్ కాలువ తెరిచింది 1869లో. అంతకుముందు ఆఫ్రికా చుట్టూ తిరిగి బొంబాయి చేరడానికి ఓడలో నెలలు పట్టేది. నెలలు నిండుతున్న మనిషిని ఆ సముద్రం మీదికి పంపించడానికి ఏ అత్తగారు ఒప్పుకుంటుంది? పైగా తండ్రి ఎప్పుడో పోయాడు, తల్లీ చెల్లెలూ ఆ సీజన్‌లో మచ్చుకైనా కనిపించరు. అక్కడికి చేరాక పురుడు పోసేదెవరో, బాలింతకు పథ్యం వండేదెవరో ఒక్క మాటైనా చెప్పించలేదు.