అమెరికా బడికి పోతున్న అమ్మడికి

ఒంగోలు

చిరంజీవి అమ్మడికి పిన్ని ఆశీస్సులు.

వీసా స్టాంపింగ్ అయిపోయిందని మీ అమ్మ ఫోన్ చేసింది. ఆవకాయ ఎన్ని కిలోలు తీసుకుపోవచ్చు, చలికోటు ఇక్కడ కొనాలా అక్కడ కొనాలా అని నువ్వడిగినవాటికి మీ బాబాయి జవాబు రాస్తాడు, ఆయనకి అట్లాంటివంటే మహా ఇష్టం. ఐదేళ్ళు ఆడ లెక్కలు చెప్పి వచ్చాను గదా, నాకెవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటి నేను రాస్తున్నా.

నువ్వు టీచరుగా పోతున్నది జె-1 వీసా మీద. మూడేళ్ళు, బడివాళ్ళకి నచ్చితే ఆ పైన ఇంకో రెండేళ్ళు. మనల్ని పిలిచే బళ్ళు చాలావరకు అక్కడి టీచర్లు రానివి, వచ్చినా నిలవనివి. అంటే బీదవాళ్ళ పేటల్లోవి. నేనేమో అమెరికా అంటే అంతా ఒకటే అనుకుని దిగా. ఆ దేశంలో బడికి వచ్చే డబ్బులో పెద్ద వాటా ఆ ప్రాంతంలోని ఇళ్ళ మీద వేసే పన్నులోంచే వస్తుంది. ఇళ్ళు ఖరీదైనవైతే బడికి ఈతకొలను కూడా ఉంటుంది, ఇళ్ళు చవకవైతే టీచరే సొంత డబ్బుతో పెన్సిళ్ళు కొనాలి. ఇది అన్యాయమని శాన్ ఆంటోనియోలో బీద తల్లిదండ్రులు సుప్రీంకోర్టు దాకా పోతే, 1973లో 5-4 తీర్పుతో ఓడిపోయారు. నీ బడి ఎట్లాంటిదో తెలుసుకోవాలంటే చుట్టుపక్కల ఇళ్ళు చూడు, చాలు.

అయితే అక్కడి లేమి మనకి అలవాటైన వేషంలో ఉండదు. ఏడో తరగతిలో ఒకడు రోజూ మొదటి పీరియడ్లో నిద్రపోయేవాడు. కాళ్ళకి మంచి బూట్లు, చేతిలో ఫోను. చీమకుర్తి దగ్గర హైస్కూల్లో పధ్నాలుగేళ్ళు బెత్తం పట్టిన చెయ్యి నాది. బెత్తం లేకపోయినా నోరుంది గదా. "ఫోనుకి డబ్బులుంటాయి, పెన్సిలుకి ఉండవా?" అన్నా, క్లాసంతా వింటుండగా. వాడు తలెత్తలేదు. సాయంత్రం పిల్లల కష్టసుఖాలు చూసే బడి కౌన్సిలరమ్మ నన్ను పక్కకి పిలిచింది. అద్దె కట్టలేదని ఇల్లు ఖాళీ చేయిస్తే, తల్లీ ముగ్గురు పిల్లలూ హైవే పక్కన మోటెల్లో ఒక్క గదిలో ఉంటున్నారట. మోటెల్లో ఉండే పిల్లల్ని కూడా ఇల్లులేని వాళ్ళ కిందే లెక్కేస్తుంది అక్కడి చట్టం. ఇల్లు పోయినా పాత బడిలోనే చదువుకోవచ్చు, బస్సు సంగతి బడే చూడాలి. ఆ బస్సు వాడి కోసం తెల్లవారుజామున ఐదున్నరకే వచ్చేది. తల్లి రాత్రి డ్యూటీకి పోతే తమ్ముళ్ళని చూసుకునేది వాడే, ఆమెకి కబురు చెప్పాలంటే ఉన్నది ఆ ఫోనొక్కటే. మర్నాడు వాడికి సారీ చెప్పా. క్లాసంతా వింటుండగా అన్నదాన్ని, సారీ మాత్రం వరండాలో చెప్పా. అది ఇప్పటికీ గుచ్చుకుంటది.

కాబట్టి వెళ్ళిన కొత్తల్లోనే కౌన్సిలర్‌తో, బస్సు డ్రైవర్లతో, భోజనాలు వడ్డించే ఆడవాళ్ళతో స్నేహం చేసుకో. ప్రిన్సిపాల్‌కి తెలియనివి వాళ్ళకి తెలుస్తాయి. విహారయాత్రకి ఇరవై డాలర్లు తెమ్మన్నప్పుడు "సంతకం కాగితం పోయింది మిస్" అని రెండుసార్లు ఎవరన్నా అంటే మూడోసారి అడగమాక. మన దగ్గర టెన్త్ పరీక్ష ఫీజు 125 రూపాయలు కట్టమంటే "నాన్న ఊళ్ళో లేడు సార్" అంటారే, అదే ఇది.

ఇంకోటి. మా దేశంలో పిల్లలు వీధి దీపం కింద చదువుకుంటారు, మీకేం తక్కువ అని ఉపన్యాసం ఇవ్వమాక. నేనిచ్చా. వెనక బెంచీలోంచి ఒక పిల్ల, "ఇంట్లో దీపం లేకపోవటం మంచి సంగతా మిస్?" అంది. సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరిగా, రాయటానికేం లేకపోయినా.

రెండో ఏడు ఒక డాక్టరుగారి కూతురికి శనివారాలు లెక్కలు చెప్పమని పిలిచారు. (వీసా ప్రకారం అట్లా బయట డబ్బు తీసుకోకూడదు, నేను ఊరికే చెప్పా. నువ్వు కూడా గుర్తుపెట్టుకో.) వాళ్ళ వంటగదిలో గట్టు మీద నల్లరాయి, లోపల బంగారు చుక్కలు. మన గెలాక్సీ గ్రానైటు! చీమకుర్తి పక్కన రామతీర్థం కొండల్లోది. "ఇది మా ఊరి రాయి" అని మురిసిపోతూ చెప్పా. ఆ ఇంటావిడ కూడా సంతోషపడి, "అక్కడ వాళ్ళు చాలా ధనవంతులై ఉంటారు" అంది.

దారి పొడుగునా అదే ఆలోచన. చీమకుర్తి దగ్గర మా బళ్ళో క్వారీ పిల్లలుండేవాళ్ళు, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళ పిల్లలు. తలలో రాతి దుమ్ము. "స్నానం చెయ్యవా?" అని తిట్టేదాన్ని. వాళ్ళ గుడిసెలకి నీళ్ళ ట్యాంకరు ఎన్నాళ్ళకొకసారి వస్తుందో పధ్నాలుగేళ్ళలో ఒక్కరోజు అడగలేదు, ఒక్క గడప తొక్కలేదు. అమెరికాలో ఏడాది తిరక్కముందే పన్నెండు ఇళ్ళకి పోయొచ్చా. పరాయి దేశంలో ఎవరు బీదో ఎవరు గొప్పో ఇట్టే కనపడతది తల్లీ, ఎందుకంటే ఆ లెక్కలో మనం లేమనుకుంటాం గనక.

ఉంటాం. మనవాళ్ళ విందులకి పోయినప్పుడు చూస్తావు. ఎవరన్నా "ఏ బడి?" అని అడుగుతారు, పేరు చెప్పగానే మొహం మారుతుంది. "అయ్యో, అది మంచి ఏరియా కాదే" అంటారు. వాళ్ళు బడి రేటింగు చూసి ఇల్లు కొనుక్కున్నవాళ్ళు, తప్పు పట్టను, నాకూ పిల్లలుంటే అదే చేసేదాన్నేమో. కానీ పప్పు వడ్డించుకుంటూ ఆ మాట ఆగి "ఒంగోలు దగ్గర యాడ? ఇంటిపేరేంది?" అన్న మాట వస్తుందే, అదెందుకు అడుగుతారో నీకూ తెలుసు నాకూ తెలుసు. నేను ఠక్కున చెప్పేదాన్ని. చెప్పగానే కుర్చీ దగ్గరికి జరిపేవాళ్ళు. ఆ కుర్చీలో హాయిగానే కూర్చున్నా, అబద్ధమెందుకు? నువ్వేం చేస్తావో నీ ఇష్టం, కాని ఆ కుర్చీ ఎందుకు జరిగిందో మాత్రం గమనించు.

బల్ల సొరుగులో ఎప్పుడూ తినేవి ఏమన్నా పెట్టు. తాళం వెయ్యమాక, ఎవరు తీసుకున్నారని అడగమాక. ఇక్కణ్ణుంచి వేరుశనగ చిక్కీలు మాత్రం తీసుకుపోవద్దు, కొంతమంది పిల్లలకి వేరుశనగ పడదు, ప్రాణం మీదికి వస్తది. నేను రెండు కిలోలు మోసుకుపోయి చెత్తబుట్టలో వేశా.

సోమవారం వస్తున్నా. నేను వచ్చేదాకా సూట్‌కేసు మూయొద్దని మీ అమ్మతో చెప్పు. ఆమె పట్టుచీరలు ఆరు పెట్టిందట. రెండు తీసేద్దాం.

మీ పిన్ని