లాభనష్టాల పట్టికలో లాభం ఉంది, చేతిలో డబ్బు లేదు. ఎందుకు?

చిన్న వ్యాపారులకు చాలా టెన్షన్ పెట్టే విషయమిది. లాభనష్టాల పట్టిక మీ దగ్గరున్న నగదును చూపదు. ఆ నెలలోనో ఏడాదిలోనో ఎంత సంపాదించారు, అందుకు ఎంత ఖర్చయింది అన్నదే చూపుతుంది. మామూలుగా అరువుకిచ్చిన సరుకు కూడా అందులో అమ్మకమే, డబ్బు ఇంకా రాకపోయినా.

పైనుంచి కిందికి చదవండి. అమ్మకాలు 100 అనుకుంటే, అమ్ముడైన సరుకు ఖరీదు 60 పోగా స్థూల లాభం 40. అద్దె, జీతాలు, కరెంటు, వడ్డీ, తరుగుదల (వాడకంతో యంత్రాలు, సామాన్ల విలువలో తగ్గేది) కలిపి 30 పోతే, పన్నుకు ముందు మిగిలేది 10. నేనైతే ముందు ఆ 40నే చూస్తాను. పోయినేడాది 100 అమ్మకాలకు అది 45 ఉంటే, అమ్మే ధరలోనో కొనుగోలులోనో ఏదో జారుతోందన్నమాట.

గోడౌన్‌లో మిగిలిన సరుకు, అప్పులో తీర్చిన అసలు ఈ ఖర్చుల్లో కనిపించవు. డబ్బు మాత్రం వాటికే వెళ్లిపోయి ఉంటుంది.