అత్తగారికి షుగర్ ఉంది, సైనస్‌తో కన్ను వాచింది. యాంటీబయాటిక్ కోర్సు అయ్యేదాకా ఆగవచ్చా?

మీ అత్తగారికి షుగర్ ఉందని, నాలుగు రోజులుగా కుడి బుగ్గ, కన్ను వాచి రెప్ప వాలిపోతోందని రాశారు. సైనస్‌కి ఇచ్చిన మాత్రలు ఇంకా మూడు రోజులకు ఉన్నాయి, అవయ్యాక వైజాగ్ తీసుకెళ్దామా అని అడిగారు. ఆగకండి, ఈ రాత్రే బయల్దేరండి. నేను డాక్టర్‌ని కాదు. కానీ అలాగే ఆగి నష్టపోయాం మేము.

మాదీ మీలాగే ఒడిశాలోని రాయగడే. 2023 కార్తీకంలో మా నాన్నకి ఎడమవైపు పై పళ్ల దగ్గర నొప్పి మొదలైతే పన్ను అనుకున్నాం. తర్వాత సైనస్ అన్నారు. ఒక క్లినిక్‌లో స్టెరాయిడ్ కూడా రాశారు. దాంతో షుగర్ 400 దాటింది. అయిదో రోజు పొద్దున్న నాన్న "నొప్పి పోయిందమ్మా" అంటే అమ్మ మజ్జిగౌరమ్మకి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. సాయంత్రం టీ తాగుతుంటే పెదవి చివర నుంచి చొక్కా మీదకి కారుతోంది, ఆయనకి తెలియడం లేదు. నొప్పి తగ్గలేదు, బుగ్గ మొద్దుబారింది. "రెండు ట్యూబ్‌లైట్లు ఎందుకు వేశారు?" అన్నారు. వేసింది ఒక్కటే.

వైజాగ్‌లో ముక్కులోకి ఎండోస్కోపీతో చూసి, చిన్న ముక్క తీసి ల్యాబ్‌కి పంపి, ఎమ్మారై తీశారు. మ్యూకార్, అంటే బ్లాక్ ఫంగస్. అది కొవిడ్‌తో పోయిందనుకున్నాం. 2021లో ఎక్కువగా విన్నాం గానీ, షుగర్ అదుపు తప్పినవాళ్లకి అంతకుముందూ వచ్చేది, ఇప్పుడూ వస్తోంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఈ ఫంగస్ రక్తనాళాల్లోకి దూరి వాటిని మూసేస్తుందట. రక్తం అందక చచ్చిన చోటే నల్లబడుతుంది. అక్కడికి మందు కూడా చేరదు కాబట్టి ఆపరేషన్ చేసి దాన్ని తీసేయాలి, ఫంగస్‌ని చంపే యాంఫోటెరిసిన్ అనే మందు డ్రిప్‌లో కూడా ఎక్కించాలి. ఆ మందు కిడ్నీల మీద పడుతుందని క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు మాటిమాటికీ చేసేవారు.

నాన్న బతికారు. ఎడమ కన్ను ఉంది, చూపు లేదు. అంగిలి కొంత తీసేశారు, ఆ ఖాళీని మూసే ప్లేట్ నోట్లో పెట్టుకుని అన్నం తింటారు.

మీ అత్తగారిది ఫంగస్ కాకపోవచ్చు. మామూలు ఇన్‌ఫెక్షన్ కంటి గుంటలోకి పాకినా అదీ ఎమర్జెన్సీయే. ముక్కులోనో అంగిలి మీదో నలుపు కనిపించేదాకా ఎదురుచూడకండి, అది ఆలస్యంగా కనిపిస్తుంది. ఆవిరి పట్టిస్తూ కూర్చోవద్దు. షుగర్ ఇప్పుడే చూడండి. మందుల చీటీలన్నీ తీసుకెళ్లండి, స్టెరాయిడ్ ఏమైనా వాడారేమో వాటిలో తెలుస్తుంది. ఈఎన్‌టీ, కంటి డాక్టర్, ఎమ్మారై మూడూ ఒకేచోట ఉన్న ఆసుపత్రికి ముందే ఫోన్ చేయండి. అక్కడ కూడా ఎవరైనా సైనసే అని మాత్రలిచ్చి పంపేస్తుంటే, "షుగర్ ఉంది, రెప్ప వాలింది, ముక్కులోకి ఒక్కసారి చూడండి" అని గట్టిగా అడగండి.