టూ వీల్ డ్రైవ్ ఆర్‌సీ బగ్గీని ఫోర్ వీల్ డ్రైవ్ చేయాలంటే బెల్టా, షాఫ్టా?

మీ దగ్గరున్నది రిమోట్‌తో నడిచే (ఆర్‌సీ) 1/10 సైజు, అంటే అసలు బండిలో పదో వంతుండే టూ వీల్ డ్రైవ్ బగ్గీ, 540 సైజు మోటారు. నాగావళి ఇసుకలో వెనక చక్రాలు గొయ్యి తవ్వుకుని కూరుకుపోతున్నాయి, ముందు చక్రాలకూ పవర్ ఇవ్వాలి, శ్రీకాకుళంలో లేత్ మీద చేయించుకుంటే పనవుతుందా అని అడిగారు. అవుతుంది. నాది విజయనగరం. అలాంటి బగ్గీనే ఇక్కడి లేత్ షాపులో చేయించిన ముక్కలతో మార్చుకుని, నెల్లిమర్ల దగ్గర చంపావతి ఇసుకలో నడుపుతున్నాను.

నా ఓటు బెల్టుకే. షాఫ్ట్ పెడితే రెండు చివర్లా బెవెల్ గేర్లు (తిరుగుడుని అడ్డంగా మళ్లించే ఏటవాలు పళ్ల గేర్లు) కావాలి. అవి మామూలు లేత్ మీద అయ్యే పని కాదు. పైగా ముందు డిఫరెన్షియల్ (మలుపులో ఎడమ, కుడి చక్రాలని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) మీదుండే పెద్ద బెవెల్ గేరు, అంటే క్రౌన్ గేరు, షాఫ్టుకి ఎడమవైపు ఉంటే వెనకది కుడివైపు ఉండాలి, లేకపోతే ముందు చక్రాలు ఒక దిశలో, వెనక చక్రాలు దానికి ఎదురు దిశలో తిరుగుతాయి. బెల్టుకి ఈ గొడవ లేదు. 3డీ ప్రింటర్లకి వాడే జీటీ2 (పంటికీ పంటికీ మధ్య 2 మి.మీ. ఉండే) పుల్లీలు, బెల్టులు ఆన్‌లైన్‌లో సులువుగా దొరుకుతాయి. బెల్ట్ బలం సరిపోతుందా అన్న అనుమానం వద్దు. 1987లో ఆర్‌సీ రేసర్ మసామీ హిరోసాకా ఫోర్ వీల్ డ్రైవ్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది షూమాకర్ క్యాట్ అనే బెల్ట్ బగ్గీతోనే. మామూలు 540 మోటారుకి 2 మి.మీ. పళ్ల బెల్ట్ చాలు, వెడల్పు మాత్రం 10 మి.మీ. తీసుకోండి. గట్టి బ్రష్‌లెస్ మోటారు వేసే ఆలోచన ఉంటే 3 మి.మీ. పళ్లదానికి వెళ్లండి.

ఇక అసలు సంగతి. ముందు చక్రం, వెనక చక్రం నేల మీద ఒకే వేగంతో నడవాలి. ఈ లెక్క తేలేదాకా ఒక్క రంధ్రం కూడా వేయకండి.

గేర్‌బాక్స్ విప్పి చూడండి. మూడు గేర్లదైతే, స్పర్ గేరు (మోటారు తిప్పే పెద్ద గేరు) ఉన్న పై షాఫ్టు మధ్యలోని ఐడ్లర్ గేరుని తిప్పుతుంది, అది డిఫరెన్షియల్‌ని తిప్పుతుంది. అందువల్ల పై షాఫ్టు, చక్రాలు ఒకే దిశలో తిరుగుతాయి, ఐడ్లర్ ఒక్కటే ఎదురు తిరుగుతుంది. బెల్ట్ పుల్లీ పై షాఫ్టు మీదే పడాలి. స్లిప్పర్ క్లచ్ (బరువు మరీ ఎక్కువైతే జారి గేర్లని కాపాడేది) ఉంటే పుల్లీని స్పర్‌కి కాకుండా షాఫ్టుకే బిగించండి, అప్పుడు స్లిప్పర్ రెండు వైపులనీ కాపాడుతుంది.

నా గేర్‌బాక్స్‌లో పై షాఫ్టు 2.6 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. షాఫ్టు మీద 24 పళ్ల పుల్లీ, ముందు డిఫరెన్షియల్‌కి 60 పళ్లది వేస్తే 2.5 వస్తుంది. అంటే ముందు చక్రం నాలుగు శాతం ఎక్కువ తిరుగుతుంది. తేడా ఉందే అనుకోకుండా టైర్లు కొలవండి. టైరు మీద, గచ్చు మీద సుద్దతో గీత పెట్టి, బ్యాటరీతో సహా బండిని ఒక్క చుట్టు దొర్లించి దూరం చూడండి. నాకు వెనకది 273 మి.మీ., ముందుది 263 వచ్చింది. ముందు టైరు ఆ నాలుగు శాతం చిన్నది కాబట్టి లెక్క సరిపోయింది. మీ టైర్లు వేరేవైతే పుల్లీలు కూడా వేరేవి కావాలి. ఇసుకలో కొద్ది తేడా పరవాలేదు, సిమెంటు నేల మీద నడిపితే ఆ తేడా అంతా బెల్ట్ మీదే పడుతుంది.

బెల్ట్ అతుకు లేని చుట్టుగానే కొనండి, అతికించినది నిలవదు. అందులో కొన్ని పొడవులే దొరుకుతాయి కాబట్టి ముందు బెల్ట్ కొని, దాన్ని బట్టి టెన్షన్ రోలర్ (బెల్టుని బిగుతుగా నొక్కి ఉంచేది) చోటు పెట్టుకోండి. చిన్న పుల్లీ మీద కనీసం ఆరు పళ్లు పట్టుకుని ఉండాలి.

డిఫరెన్షియల్ కూడా కొనేయండి, అది చేయించే వస్తువు కాదు. దాని గేరు తీసేసి, అవే స్క్రూలకి 60 పళ్ల పుల్లీని బోరు చేయించి బిగించాలి. ఈ పుల్లీ వ్యాసం 38 మి.మీ. ఉంటుంది, కింద చట్రానికి తగులుతుంది. డిఫరెన్షియల్‌ని నాలుగైదు మి.మీ. పైకి లేపండి.

దాన్ని పట్టుకునే రెండు పక్క పలకలు అల్యూమినియంతో చేయించాను. బేరింగ్ రంధ్రాలు రెండూ ఒకే వరసలో రాకపోతే డిఫరెన్షియల్ బిగుసుకుపోతుంది. నా డ్రాయింగ్ చూసి లేత్ ఆయన, "రెండు పలకలూ కలిపి బిగించేసి ఒక్కపాలే బోరు కొట్టేద్దాం బాబూ" అన్నాడు. ఆ ఒక్క మాటతో సగం పని తేలికైంది. రైస్ మిల్లు షాఫ్టులు, పంపుసెట్ బుష్‌లు చేసే చేతులవి, మన చిన్న ముక్కలు వాళ్లకి కష్టం కాదు. కొలతలు మి.మీ.లో రాసి, బేరింగ్ చేతికే ఇచ్చేయండి. దాన్ని పెట్టి చూసుకుంటూ బోరు చేస్తే పట్టు సరిగ్గా కుదురుతుంది.

అన్నిటికన్నా ఓపిక కావాల్సింది ముందు నకిల్ (స్టీరింగ్‌తో పాటు తిరుగుతూ ముందు చక్రాన్ని పట్టుకునే ముక్క) దగ్గర. టూ వీల్ డ్రైవ్‌లో అక్కడ ఇరుసు కదలదు, చక్రమే బేరింగుల మీద తిరుగుతుంది. ఇప్పుడు ఇరుసు నకిల్ గుండా వెళ్లి తిరగాలి. డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ దిమ్మ తీసుకుని లోపలివైపు 10×15×4 బేరింగుకి (లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం మి.మీ.లో), బయటివైపు 5×10×4కి బోరు చేయించాను. ఇరుసుకి యూనివర్సల్ జాయింట్ ఉన్నదే వాడండి. మామూలు డాగ్‌బోన్ (రెండు చివర్లా గుండు, పిన్ను ఉండే కడ్డీ) అయితే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు దడదడలాడుతుంది. జాయింట్ మధ్య బిందువు సరిగ్గా కింగ్‌పిన్ (స్టీరింగ్ తిప్పినప్పుడు నకిల్ తిరిగే పిన్ను) గీత మీద పడాలి. పక్కకి జరిగితే చక్రం తిప్పిన ప్రతిసారీ ఇరుసు లోపలికీ బయటికీ కొట్టుకుంటుంది. చక్రాన్ని చివరిదాకా తిప్పి పట్టుకుని, ఇరుసుని వేళ్లతో మెల్లగా తిప్పండి. ఎక్కడైనా బిగుతు తగిలితే నకిల్‌కీ బేరింగుకీ మధ్య పల్చటి వాషర్లతో సర్దండి. టూ వీల్ డ్రైవ్‌లో కింగ్‌పిన్ 25–30 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. జాయింట్ హాయిగా తిరగాలంటే దాన్ని తగ్గించాలి, నేను పది దగ్గర పెట్టాను.

మీరు నడిపేది ఏటి ఇసుకలో కాబట్టి బెల్టుకి పైనా కిందా పూర్తి మూత తప్పనిసరి. ఒక్క రవ్వ పళ్ల మధ్య ఇరుక్కున్నా బెల్ట్ ఎగిరి పన్ను దాటుతుంది. పాత ప్లాస్టిక్ ఫైల్ కవర్ కత్తిరించి మడిచినా పనికొస్తుంది. బేరింగులు రబ్బరు సీల్ ఉన్నవే తీసుకోండి.

పాత పినియనే (మోటారు షాఫ్టు మీదుండే చిన్న గేరు) ఉంచవచ్చా అని కూడా అడిగారు. వద్దు, రెండు పళ్లు తగ్గించండి. ఇసుకలో చక్రం ఊరికే జారి తిరగడం ఆగిపోతుంది కాబట్టి మోటారు మీద బరువు బాగా పెరుగుతుంది. మొదట కాసేపు నడిపి మోటారు మీద వేలు పెట్టి చూడండి. మూడు సెకన్లు ఉంచలేకపోతే ఇంకో పన్ను తగ్గించాల్సిందే.