చెప్పేకొద్దీ మొండికేస్తున్న నాన్న.. బీపీ మాత్ర వేయించేదెలా?

ప్రశ్న: మాది కందుకూరు దగ్గర పల్లె. నాన్నకు 56 ఏళ్లు, పొగాకు రైతు. బీపీ 170/100 ఉందని ఆరు నెలల క్రితం మాత్రలు రాశారు. అమ్మ చేతిలో పెడితే కంచం పక్కన పెట్టి లేచిపోతున్నారు. ఉప్పు తగ్గించమంటే అడిగి మరీ ఊరగాయ వేయించుకుంటున్నారు. ఇది మానసిక జబ్బా?

జవాబు: జబ్బు కాదమ్మా. నారు ఎప్పుడు వేయాలో, పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో మంట ఎంత పెట్టాలో ఇన్నేళ్లూ ఆయనే తేల్చుకున్నారు. ఇప్పుడు ఏం తినాలో కూడా ఇంటిల్లిపాదీ చెబుతుంటే ఆయనకు కనిపించేది మాత్ర కాదు, మీ పెత్తనం. తన ఇష్టం చేజారిపోతోందనిపిస్తే మనసు ఎదురు తిరుగుతుంది, వద్దన్న దాని మీదికే లాగుతుంది. అమెరికా మనస్తత్వవేత్త జాక్ బ్రెమ్ 1966లో దీన్ని ‘రియాక్టెన్స్’ అన్నారు. ఆ ఊరగాయ సంగతి అచ్చంగా ఇదే.

ఈ గుణం చెడ్డదని నేననను. 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడకుండా తలొంచుకుని ఊరుకుని ఉంటే సారా దుకాణాలు మూతపడేవా? 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చేదా?

కాబట్టి ముందు మీరంతా చెప్పడం ఆపండి. అన్నంలో మాత్ర కలిపి పెట్టే పని మాత్రం చేయొద్దు. తెలిసిందంటే ఇక మిమ్మల్ని నమ్మరు. మాత్రతో ఇబ్బందేమైనా ఉందేమో నెమ్మదిగా అడగండి. కొన్ని బీపీ మాత్రలకు పాదాలు వాస్తాయి, కొన్నింటికి పొడి దగ్గు వస్తుంది. మగవాళ్లు చాలామంది ఇది బయటికి చెప్పరు, మాత్ర మానేస్తారు. అలాంటిదేదైనా ఉంటే డాక్టర్ మందు మారుస్తారు.

ఇంటికి ఒక బీపీ మిషన్ కొనండి. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక, పొద్దున, సాయంత్రం ఆయన్నే చూసుకోమనండి. కూలీల లెక్క రాసుకునే పుస్తకంలోనే వారం రోజులు రాసుకోమనండి. ఇంట్లో చూసినప్పుడు 135/85 దాటుతుంటే ఎక్కువున్నట్టే. ఆ అంకెలు ఆయన చేత్తో రాసుకున్నవి, వాటితో గొడవేముంటుంది? ఆ పుస్తకంతో డాక్టర్ దగ్గరికి ఆయన్నే వెళ్లనివ్వండి. మాత్ర ఏ వేళకు వేసుకోవాలో వాళ్లిద్దరూ మాట్లాడుకుంటారు.

ఛాతీలో నొప్పి, మాట తడబడటం, మూతి వంకరపోవడం, ఒక చేయి గానీ కాలు గానీ పట్టు తప్పడం కనిపిస్తే మాత్రం ఆయన వద్దన్నా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.